వంతెన గోడకు అంటించిన అద్దం

మీ ఆయన ఏం పని చేసేవారని ఎవరైనా అడిగితే, వంతెనలను కొట్టి చూసేవారని చెబుతాను. నవ్వుతారు. నవ్వనీ. ఆ పని పక్కన కాపురం చేసినదాన్ని నేను. నాకు నవ్వు రాదు, అలసట వస్తుంది.

ఆయన నీటిపారుదల శాఖలో ఓవర్సీరు. మాది కడప వైపు సేద్యం చేసుకునే కుటుంబం. "గవర్నమెంటు ఉద్యోగం, బిడ్డ నీడపట్టున ఉంటాది" అని మా నాయన నన్ను ఆయనకిచ్చి చేశాడు. ఏం నీడ! డేరా నీడ. కర్నూలు రాజధాని అయిన ఆ రోజుల్లో పెద్ద పెద్ద ఆఫీసులే డేరాల్లో నడిచేవి, ఇక కాలువ గట్టు మీద ఒక ఓవర్సీరు పెళ్లాం డేరాలో ఉంటే ఎవరికి పట్టింది? నీళ్లు కాచే పని లేదు, బిందెలో పోసి బయట పెడితే మధ్యాహ్నానికి అవే కాగేవి. గాలి లేస్తే అన్నంలో ఇసుక. ఒకచోట పొయ్యి కుదిరింది, పాలుపోసే మనిషి దొరికింది అనుకునేసరికి "రేపు క్యాంపు మారుస్తాం" అనేవారు. సామాను కట్టడం, బండికెక్కించడం, దించడం, విప్పడం. చిన్న వయసే నాది, ఒళ్లునొప్పులు మాత్రం మా అవ్వవి.

అటువంటి కాపురంలోకి ఒక ఎండాకాలం మద్రాసు నుంచి ఒక చెక్కపెట్టె వచ్చి దిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. లోపల ఒక యంత్రం. గడియారంలో ఉన్నట్టు పళ్లచక్రాలు, తిరిగే ఒక డోలు, దానికి ఆనుకుని ఒక సన్నటి సూది. భూకంపాలు కనిపెట్టే యంత్రానికి చెల్లెలు వరస అవుతుందట. దీంతో వంతెనలకు లోపల ఎక్కడ దెబ్బ తగిలిందో బయట నుంచే చెప్పవచ్చునట. మా పెద్ద ఇంజనీరు ఎవరినో అడిగి అరువు తెప్పించి, "నువ్వు చూడప్పా దీన్ని" అని మా ఆయన నెత్తిన పెట్టాడు. ఎదురు చెప్పని మనిషి కదా, దొరికారు.

ఆ డోలుకు నిగనిగలాడే కాగితం చుట్టి, కాగితానికి సన్నగా, సమంగా మసి పట్టించాలి. సూది ఆ మసిలో గీసుకుంటూ పోతుంది. నల్లటి దాని మీద తెల్లటి గీత. మా ఆయన మసి పట్టించబోయి మొదటి రోజే కాగితాలు కాల్చారు, వేళ్లు కాల్చుకున్నారు, చివరకు నా దిండు గలీబు కాల్చారు. "ఇట్లివ్వండి" అని లాక్కున్నాను. పసిపిల్లలకు కాటుక పట్టిన చేతులు ఇవి. వత్తి తగ్గించి, మంటకు ఎంత ఎత్తున పట్టాలో, ఎంత తొందరగా తిప్పాలో మాకు తెలియదా? బాగా కుదిరింది. కుదరడమే నా ఖర్మ. ఆ రోజు నుంచి ఆ పని నాదైపోయింది. గీత పడిన కాగితాన్ని, మసి రాలకుండా, లక్క కలిపిన స్పిరిట్‌లో ముంచి తాడుకు ఆరేసేదాన్ని. డేరాలో మా చీరలకంటే ఆ కాగితాలే ఎక్కువ వేలాడేవి. చేతుల మసి చింతపండు పెట్టి తోమినా పోయేది కాదు. ఆ చేతులతోనే ముద్దలు కలిపి తిన్నాను.

"ఇంతా చేసి ఏం తెలుస్తాది దీంతో?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"నువ్వు కుండ కొనేటప్పుడు ఏం చేస్తావు?" అన్నారాయన. "వేలితో కొట్టి చూడవా? మంచి కుండ ఖంగుమంటాది. పగులుండే కుండ బొద్దుమని ఊరుకుంటాది. వంతెనా అంతే. కాకపోతే అది పలికేది మన చెవికి వినపడదు, సూదికి తెలుస్తాది."

అది అర్థమైంది. అర్థం కాని సంగతి ఇంకొకటి. వంతెన ఒక్కటే అదరదు కదా. చాకలి బండ మీద గుడ్డ కొడితే ఆ అదురు, బండి పోతే ఆ అదురు, గాలి, నీళ్లు. ఇవన్నీ సూది గీసేస్తుంది, దానికి తనా పరా లేదు. అందుకని వంతెన మీద ఇసుక మూటను ఒకే ఎత్తు నుంచి, ఒకే చోట, మళ్లీ మళ్లీ వేయించేవారు. ఆ గీతలన్నీ పలుచటి కాగితం మీద ఒకదాని మీద ఒకటి ఎత్తి రాసి, డేరా గుమ్మంలో ఎండకు అడ్డంగా పట్టుకునేవారు. చాకలి దెబ్బలు ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ పడి చెదిరిపోయేవి. వంతెన సొంత ఊగు మాత్రం ప్రతిసారీ ఒకేచోట పడి చిక్కబడేది. "పదిమంది పదిరకాలుగా మాట్లాడతాంటే, అందరి నోట్లో వచ్చే మాటొకటి ఉంటాది సూడు, అదే నిజం" అనేవారు. మీ ఇంట్లో అందరి నోటా వచ్చే మాట కోడలిదే తప్పు అని, అదీ నిజమేనా అని అడిగాను. కాగితం వెనక్కి తల దాచుకున్నారు.

అట్లా ఊరూరా తిరిగి, వానాకాలం మొదలయ్యే వేళకు ఆ వంతెన దగ్గరికి చేరాం. ఏ వంక, ఏ ఊరు అన్నది చెప్పను, అక్కడ ఇప్పటికీ మనుషులు ఉన్నారు. బండ్లు పోయే వంతెన కాదది. వంక మీదుగా కాలువ నీళ్లను దాటించే పాత రాతి వంతెన. కింద వంక, పైన రాతి తొట్టిలో కాలువ. తొట్టిని మోస్తూ వరసగా కమానులు. రెండో కమాను పక్కనున్న రాతి దిమ్మెకు వీపు ఆనించి ఒక గుడిసె. అందులో కాలువ లస్కరు, అంటే గట్టు కాపలా కాసి తూము తలుపులు ఎత్తి దించే మనిషి, అతని భార్య, పిల్లలు. వాళ్ల గుడిసెకు మూడు పక్కలే మట్టిగోడలు. నాలుగో గోడ వంతెన దిమ్మే. పైన నీళ్లు పారుతుంటే ఆ రాయి చల్లగా ఉండేది. నేను మధ్యాహ్నాలు డేరా వదిలి అక్కడికే పోయి కూర్చునేదాన్ని.

లస్కరు భార్య నాకంటే పెద్దది. వక్కాకు నమిలే నోరు, ఊరికే ఉండని చేతులు. "యామ్మా, ఆ గుడ్డ డేరాలో ఉడికిపోతావు, రా, మా రాతి మేడలో పండుకుందువు" అని పిలిచేది. ఆమె ధ్యాసంతా కాలువ చివరన ఉన్న చిన్న వరిమడి మీద. నారు పోసుకున్నారు. పై నుంచి నిండుగా నీళ్లు వదిలితే తప్ప చివరి మడికి తడి అందదు. "ఈ తూరి పండితే పెద్ద బిడ్డకు కమ్మలు" అంటుండేది.

ఆ రెండో కమానుకు దిమ్మె దగ్గర సన్నటి పగులు ఒకటి ఉంది. అంతకు ముందు ఏడే మా ఆయన దాని మీద అడ్డంగా ఒక అద్దం ముక్కను సిమెంటుతో అంటించి పోయారట. పగులు ఏ మాత్రం కదిలినా అద్దం విరుగుతుంది. యంత్రాలు రాకముందు నుంచి వాళ్లు చూసుకునే పద్ధతే అది. మేం వచ్చేసరికి అద్దం చెక్కుచెదరకుండా ఉంది. చుట్టూ సున్నం పూసి, నడుమ కుంకుమ బొట్టు కూడా పెట్టి ఉంది. "పెట్టుకోనీలే పాపం" అని మా ఆయన కింద నుంచి చూసి నవ్వుకున్నారు.

అద్దం బాగుంది. యంత్రం మాత్రం కమాను బాగలేదంది. మిగతా కమానుల మీద మూట వేస్తే సూది దగ్గర దగ్గరగా అలలు గీసి, అవి సన్నబడుతూ సన్నబడుతూ చాలా దూరం పోయేవి. రెండోదాని మీద వేస్తే వెడల్పాటి అలలు కాసిని గీసి చతికిలబడేది. చాకలివాళ్లను బతిమాలి ఒక పూట ఆపించారు. బండ్లను ఆపించారు. గాలి లేని పొద్దుటి పూట చూశారు. నేను మసి పట్టి పట్టి దగ్గుతున్నాను, ఆయన మూట వేయిస్తూనే ఉన్నారు. ఎన్నిసార్లు వేసినా అదే మాట.

పెద్ద ఇంజనీరు జీపులో వచ్చాడు. కాగితాలు ఎండలో పట్టుకుని చూశాడు.

"ఏందప్పా ఇది, చీమకు సిరా పూసి ఇడిసినట్లుండాది!"

"రెండో కమాను లోపల యాడో పట్టు వదిలింది సార్. మిగతావాటి మాదిరి పలకడం లేదు."

"మరి అద్దం పగల్లేదే? అంటించింది నువ్వే గదా?"

"నేనే సార్."

"నీ మసికాగితం నమ్మల్లనా, కంటికి కనపడే అద్దాన్ని నమ్మల్లనా? చివరి భూములోళ్లు నారు పోసుకోని నా ఆఫీసు ముందర కూచున్యారు. వచ్చే వారం కాలువ నిండా నీళ్లు ఇడుస్తామని మాటిచ్చినా. అద్దం పగిల్తే రా, ఆ పొద్దే నిలిపేస్తా. లేదంటే ఆ పెట్టె కట్టి మద్రాసుకు పంపించు."

పెద్ద ఇంజనీరు చెప్పిందీ అబద్ధం కాదు. చూస్తూ చూస్తూ నీళ్లు ఆపితే ఎండేది ఎవరో ఒకరి మడే. కానీ నిండు కాలువ బరువుకు ఆ కమాను దిగబడితే మొదట పోయేది లస్కరు గుడిసె. పట్టపగలే అయినా తప్పించుకునే దారి లేదు, నెత్తి మీదే కాలువ. కొన్నాళ్లు వేరేచోట ఉండమని మా ఆయన చెప్పి చూశారు. "యాడికి పోవల్ల సామీ? అద్దం గట్టిగానే ఉండాది గదా" అంది లస్కరు భార్య. చూడు, అందరికీ ఆ అద్దమే సాక్ష్యం.

మా ఆయనకు అన్నం దిగడం మానేసింది. తన లెక్కే తప్పేమోనని మళ్లీ కాగితాలు పరుచుకుని కూర్చునేవారు. పెట్టిన సంగటి ఎండిపోయేది. నాకు ఒళ్లు మండేది. "ఆ సూది చెప్పేది నిజమైతే నిజమని అరవండి, అబద్ధమైతే అవతల పారేయండి. నా ప్రాణం మాత్రం తీయొద్దు" అన్నాను. ఆయన ఇంకో కాగితం తీసి పరుచుకున్నారు.

ఒక శుక్రవారం జల్లెడ తిరిగి ఇవ్వడానికి గుడిసెకు పోయాను. ఆమె గూట్లో దీపం పెట్టి ఉంది. ఆ గూట్లో శ్రీశైలం మల్లన్న పటం ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆ రోజు చూస్తే పటం బోసిగా ఉంది. చెక్క చట్రం ఉంది, కాగితం ఉంది, ముందర అద్దం లేదు. స్వామి ముఖం మీద దీపం మసి పట్టుకుని ఉంది. మసి సంగతి నా కళ్లకు కాక ఎవరికి కనబడుతుంది!

"ఏమ్మే, మల్లన్న అద్దం యాడ పోయింది?"

"ఆయప్ప గోడకు కాపలా పోయినాడులేమ్మా" అంది నవ్వుతూ.

"ఏ గోడకు?"

"ఇదో, మన గోడకే. దొర అంటించిన అద్దం ఎండాకాలంలోనే టప్పుమని పగిలిపాయ. పగిలిన అద్దం ఇంటి గోడకుంటే ఆ ఇల్లు బాగుపడతాదా? బిడ్డలుండే కొంప. మా అన్న ఇంట్లో నుంచి ఒక ముక్క తెచ్చి సున్నం పెట్టి అంటించినా. అదీ పగిలె. ఈ గోడకు ఎవుర్దో దిష్టి తగిలిందనుకున్యా. ఇంగ యాడా అద్దం దొరక్క, మల్లన్న అద్దమైతే పగలదని ఆయప్ప పటం విప్పినా. సున్నం గూడా చాలకపాయ, బంకమట్టిలో ఇంత బెల్లం నీళ్లు కలిపి అంటించి, ఉండే సున్నం చుట్టూ పైపైన పూసినా. సూడు, ఆయప్ప మహిమ, ఇంతవరకు పగల్లేదు."

జల్లెడ అక్కడే కింద పెట్టేశాను.

"మీ ఆయనకు తెలుసునా?"

"నిచ్చెన పట్టుకున్యది ఎవురనుకున్యావు? పగలకుండా జాగ్రత్తగా సూసుకో అని దొర చెప్పిపోయినాడంట గదా. పగిలిందంటే పని పీకేస్తారేమోనని ఆయప్ప బయం ఆయప్పది."

పరుగున పోయి మా ఆయనను పిలుచుకొచ్చాను. నిచ్చెన ఎక్కి అద్దం మీద వేలు పెట్టారు. అది మట్టిలో అటూ ఇటూ జారింది. పగులు ఎంత విచ్చుకున్నా, ఆ మెత్తటి మట్టిలో జరిగి కూర్చునేదే తప్ప విరిగేది కాదు. ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషికి ఆ రోజు కోపం వచ్చింది. అద్దాన్ని పీకారు. అది చేయి జారి కింద రాళ్ల మీద పడి నుగ్గునుగ్గయింది. దాని వెనకనున్న పగులు నేను అనుకున్నంత సన్నంగా లేదు.

"బుద్ధుందా నీకు!" అని లస్కరు మీద అరిచారు. "మంది ప్రాణాలతో ఆటలాడతావా? గవర్నమెంటు పెట్టిన దాన్ని ముట్టుకునేదానికి నువ్వెవురు?"

లస్కరు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పలికింది ఆమె.

"ఆయప్ప మీద అరవొద్దు సామీ. అంటించింది నేను. పగిల్తే మీకు అగుపడల్ల అని మాకు ఎవురన్నా చెప్పినారా? అద్దం పెట్టేది పగిలేదానికని లోకంలో యాడన్నా ఉంటాదా? చెప్పింటే నేనెందుకు ముట్టుకుంటా? పగిలిన పొద్దే నీ దగ్గరికి పరిగెత్తుకోని వచ్చిందును గదా!"

మా ఆయన నిచ్చెన మెట్టు మీద అట్లాగే కూర్చుండిపోయారు. నిజమే. మసి ఎట్లా పట్టాలో నాకు చెప్పారు, సూది ఏం చెబుతుందో పెద్ద ఇంజనీరుకు చెప్పారు. ఆ గోడకు వీపు ఆనించి పడుకునే మనిషికి మాత్రం ఆ అద్దం ఎందుకో ఎవరూ చెప్పలేదు. కొంచెం సేపటికి కిందికి దిగి, ఆమె ఎదురుగా కూర్చుని, కాలువ, కమాను, పగులు, అద్దం అన్నీ మెల్లగా చెప్పారు. ఆమె వింటూ వింటూ గోడకు ఆనుకుని ఉన్న చంటిబిడ్డను లాక్కుని ఒళ్లో వేసుకుంది.

పాతవి పగిలాయని నోటితో చెబితే పెద్ద ఇంజనీరు నమ్మడు. ఇక కావలసింది ఇంకో అద్దం. ఈసారి సిమెంటుతో గట్టిగా అంటించాలి, అది పగిలితే పెద్ద ఇంజనీరుకు చూపాలి. అద్దం ఎక్కడుంది? కర్నూలు పోయి రావాలంటే బస్సు దొరకాలి. నీళ్లు వదిలే రోజు దగ్గరికొచ్చింది. ఊళ్లో అడిగితే అరచేయంత ముఖం చూసుకునే అద్దాలు తప్ప లేవు. ఉన్నవాళ్లు కూడా వంతెనకని ఇస్తారా?

"మన పెళ్లి ఫోటోకు ఉండాది గదా" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. విసుగు అది. తేలిపోవాలి, ఈ డేరా ఎత్తేయాలి, అంతే. కడపలో స్టూడియోలో తీయించిన ఫోటో. నేను కుర్చీలో, ఆయన నిలబడి, ఇద్దరి ముఖాల్లో చావు భయం. ఎన్ని క్యాంపులు మారినా పాత చీరల నడుమ పెట్టి పగలకుండా తెచ్చుకున్న పటం.

లస్కరు భార్య నా చేయి గట్టిగా పట్టుకుంది. "నీకేం పట్టిందమ్మా! పెండ్లి పటం అద్దం పగిలేదానికి ఇస్తావా? పసుపు కుంకాలతో ఉండాల్సినదానివి. వద్దు తల్లీ, నీకు దండం పెడతా."

"నీకుండే పిచ్చి నమ్మకాలు నాకు లేవులే" అన్నాను. చదువుకున్న మొగుడి పెళ్లాన్ని కదా, అట్లాగే అనాలి.

మా ఆయనే మేకులు పీకి అద్దం తీశారు. పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలా సిమెంటు మెత్తారు. సిమెంటు గట్టిపడేదాకా తడిగుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ తీసే పొద్దుకు నా పిచ్చి నమ్మకాలన్నీ వచ్చి నా నెత్తిన కూర్చున్నాయి. అన్నం వండుతూ చూపు అటే. దోసెడు నీళ్లు తాగినా చూపు అటే. ఆయన దగ్గితే గరిటె వదిలి పోయి చూసేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ అద్దం పగలకూడదని మొక్కుకున్నాను. పగలకపోతే నీళ్లు వస్తాయి, నీళ్లు వస్తే ఆ బిడ్డల గతి ఏమవుతుందో తెలుసు. తెలిసీ మొక్కుకున్నాను. మళ్లీ ఆ చంటిబిడ్డ కనబడితే, పగిలిపోతే పీడా పోతుంది కదా తల్లీ అనుకునేదాన్ని. ఒకే నోటితో ఆ మాట, ఈ మాట. ఏ దేవుడికని వినబడుతుంది?

మా ఆయన లస్కరుతో తూము తలుపు కొద్దిగా ఎత్తించారు. కాలువలో నీళ్లు కొంచెం పెరిగాయి. గుడిసెలో సామాను అప్పటికే గట్టు మీదికి చేరింది. లస్కరు భార్య ఒక్కతే అద్దానికి ఎదురుగా రాయి మీద కూర్చుంది, మేకలు దగ్గరికి రాకుండా, పిల్లలు రాయి విసరకుండా. పిలిచినా అన్నానికి రాలేదు.

మరునాడు మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతుంటే ఆమె వచ్చింది. పరిగెత్తలేదు, నడిచే వచ్చింది. కళ్లనీళ్లు కారిపోతున్నాయి.

"పగిలిందమ్మా. నీ అద్దం పగిలిపాయ."

పోయి చూశాను. పైనుంచి కింది దాకా ఒకటే గీత. ఎవరో గోటితో గీసినట్టుంది. మా ఆయన దాని ముందర నిలబడి, పరీక్ష పాసైన పిల్లవాడిలా "పగిలింది, పగిలింది! చూస్తివా, సూది చెప్పింది నిజమే!" అని నా భుజం పట్టుకుని ఊపేస్తున్నారు. మసి చేత్తో ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. గట్టున కూర్చుని ఏడ్చాను. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు, సంతోషమనుకున్నారు.

పెద్ద ఇంజనీరు మాట మీద నిలబడ్డాడు. అద్దం చూశాడు, ఇంకో మాట లేకుండా కాలువ మూయించాడు. మేస్త్రీలు కమాను కింద ఊతకర్రలు పెట్టి రాళ్లు విప్పితే, లోపలి సున్నం పొయ్యిలో బూడిదలా రాలింది. నిండు కాలువ వస్తే ఆ గుడిసె ఉండేది కాదని మేస్త్రీలే అన్నారు. పాత అద్దం మార్చినందుకు లస్కరు మీద రాసి పంపమని పై నుంచి అడిగారు. మా ఆయన రాయలేదు. చెప్పకపోవడం తనదే తప్పని చెప్పి తిట్లు తిన్నారు. ఎదురు చెప్పని మనిషి ఎదురు చెప్పడం నేను చూసింది అదొక్కసారే.

ఆ ఏడు కాలువకు నీళ్లు రాలేదు. చివరి భూముల్లో నారు నిలువునా ఎండింది. లస్కరువాళ్ల మడీ ఎండింది. మేం డేరా ఎత్తే రోజు ఆమె ఆ ఎండిన నారు పీకి మేకలకు వేస్తోంది. బండి కదులుతుంటే తలెత్తి చూసి చెయ్యి ఊపింది. కమ్మల మాట ఎత్తే ధైర్యం నాకు లేకపోయింది.

యంత్రం మద్రాసుకు తిరిగి పోయింది. కర్నూల్లో ఒక ఇల్లు అద్దెకు దొరికింది, గోడలున్న ఇల్లు. అద్దం లేని ఫోటోను అట్లాగే మేకుకు తగిలించాను. కొత్త అద్దం వేయించాలని ఎప్పుడూ అనుకోవడం, ఎప్పుడూ ఓపిక లేకపోవడం. ఆయనకు ఒక పూట జ్వరం వస్తే మాత్రం దానివైపు చూడకుండా పనులు చేసుకునేదాన్ని.

శివరాత్రి అయిపోయాక ఒక పొద్దున ఎవరో తలుపు తట్టారు. లస్కరు భార్య. నల్లగా మాడిపోయి ఉంది. కాళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది, వాటి మీద నెత్తురు మరకలు. నేను ఏందే ఇది అనేలోపలే కొంగుముడి విప్పి, విభూతి, కుంకుమ తీసి, నా నొసట పెట్టింది.

"శ్రీశైలం నుంచి వస్తాండా. నడిచి పోయి నడిచే వస్తాండా" అంది. "నీ అద్దం పగిల్నప్పుడే మొక్కుకున్యా. దొర సల్లగా ఉంటే నడిచొస్తా మల్లయ్యా అని."

"నీ మడి ఎండిపాయ గదే" అన్నాను. "నీ కోసం మొక్కుకోకుండా..."

"కయ్య ఎండితే మల్ల ఏడు పండుతాది. నీ పెండ్లి అద్దం నా గోడకు గదమ్మా పగిలింది. నా బిడ్డలకు బదులు పగిలింది."

లోపల నుంచి మా ఆయన "ఎవరే, కాఫీ ఏమైంది?" అని అరుస్తూ బయటికి వచ్చారు. ఆమె ఆయనను పైనుంచి కింది దాకా చూసింది. "బాగుండాడు" అని తనలో తాను అనుకుంది. అప్పుడు గానీ గడప మీద కూర్చోలేదు. కాళ్లు కడగడానికి వేణ్ణీళ్లు తెచ్చి నేను కింద కూర్చుంటే వద్దు వద్దని కాళ్లు లాక్కుంది. నేను వదల్లేదు. పీలికలు ఒక్కొక్కటే విప్పుతుంటే ఆమె గోడ మీది ఫోటోను చూసింది.

"అద్దం ఏపిచ్చుకోలేదా?"

"లేదే. ఏపిస్తాలే."

"ఏపియ్యొద్దమ్మా" అంది. "ఇట్లే ఉండనీ. ఇంగ పగిలేదానికి ఏమీ ల్యా."